కాలరు వెనుక మూడు చుక్కలు

శనివారం పొద్దున ఎనిమిదిన్నర బస్సుకి రాజధాని సువా వెళ్ళి, హాల్లో చొక్కా చూపించి, పన్నెండుకల్లా తిరిగొచ్చి పప్పు పొయ్యిమీద పెట్టాలని భగవతి అనుకుంది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని ఆ హాల్లో పాత మిలిటరీ యూనిఫారాల ప్రదర్శన పెడుతున్నారు. ఆమె కూతురు కామిని స్కూలు టీచరు. తాత మునిస్వామి ఖాకీ చొక్కా తెస్తానని అక్కడ పేరిచ్చేసింది. ఏది అసలుదో, ఏది నకిలీదో తేల్చే మనిషి శివ ప్రసాద్. మిలిటరీ స్టోర్సులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు.

అంతా బాగానే ఉంది. తాత సిపాయి కాకపోవడం ఒక్కటే చిక్కు.

మునిస్వామి కాంపు ధోబీ. యుద్ధం రోజుల నుంచీ సిపాయిల బట్టలు ఉతికి బతికాడు. పెళ్ళి మాటలప్పుడు కాబోయే అత్తగారు "మీ నాయన ఏం చేసేవాడు?" అని అడిగితే, కంగారులో భగవతి "ఆర్మీలో" అంది. అబద్ధమాడాలని కాదు, 'ధోబీ' అన్న తరువాతి మాట నోట్లోంచి రాలేదు. ముప్పై నాలుగేళ్ళుగా అది అక్కడే ఆగిపోయింది. ఈ రోజు పదిమందిలో బయటపడితే కామిని ముఖం ఎలా ఎత్తుకుంటుందోనని రాత్రంతా ఆమెకు నిద్ర లేదు.

ట్రంకు తెరిస్తే చొక్కా ముక్కిపోయిన వాసన కొట్టింది. వాసనకే తిప్పి పంపేస్తారేమోనని సబ్బు పెట్టి రుద్దింది. కాలరు లోపలి నంబరు ముద్ర నురగలో కలిసిపోయింది. నంబరు లేకపోతే దొంగ చొక్కా అంటారు. దొంగ చొక్కా అయితే పోలీసులొస్తారు. బాల్ పెన్ను తీసి, చేతికొచ్చిన నంబరు రాసేసింది. ఇస్త్రీ చేశాక చొక్కా చేతులు బోసిగా కనిపించాయి. అన్నేళ్ళు పనిచేసినవాడికి ఒక్క హోదా పట్టీ కూడా ఇవ్వలేదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? తెల్ల టేపు తెచ్చి ఒక్కో చేతికి మొన వచ్చేలా మడిచి మూడేసి పట్టీలు కుట్టింది. కామిని స్నానం ముగించేలోపు చొక్కా కాగితంలో చుట్టేసి ఉంది.

హాల్లో శివ ప్రసాద్ చొక్కాను బల్ల మీద పరిచి భూతద్దం తీశాడు.

"దీదీ, పట్టీల మొనలు పైకున్నాయి. మన ఆర్మీలో కిందికి ఉంటాయి."

"ఉతికితే తిరగబడ్డాయేమో," అంది భగవతి.

ఆయన కాలరు విప్పి నంబరు పైకి చదివాడు. ఆరు అంకెలు. నాలుగో అంకె దగ్గరే కామిని ముఖం మారిపోయింది.

"అమ్మా, ఇది మన టెలిఫోను నంబరు."

"చూడు బేటీ," అన్నాడు శివ ప్రసాద్ అద్దం పక్కన పెట్టి, "ఈ మధ్య నకిలీ మాల్ చాలా వస్తోంది. ఇది ఎవరు తయారు చేశారో కమిటీకి రాసివ్వాలి నేను. సచ్ బోల్నా, నిజం చెప్పాలి."

రాసివ్వాలి అన్న మాట వినగానే భగవతి కళ్ళ ముందు జైలు, కామిని ఊడిన ఉద్యోగం, బంధువుల ముఖాలు వరసగా నిలబడ్డాయి. సబ్బు దగ్గర మొదలుపెట్టి ముప్పై నాలుగేళ్ళ వెనక్కి వెళ్ళి, అత్తగారి ప్రశ్న దాకా అంతా చెప్పేసింది.

కామిని నెమ్మదిగా అంది: "తాత ఏ ప్లాటూన్‌లో చేశాడో మా క్లాసు పిల్లలకి కూడా చెప్పాను."

"నేను ప్లాటూన్ సంగతి చెప్పలేదే."

"అది నేను కలిపాను."

శివ ప్రసాద్ చొక్కా మడవబోయి ఆగాడు. కాలరు వెనుక నల్లగా చిన్న కొక్కెం గుర్తు, దాని కింద మూడు చుక్కలు. "ఇది కూడా నువ్వే పెట్టావా దీదీ?"

"లేదు భయ్యా. అది మా నాయన గుర్తు. బట్టలు కలిసిపోకుండా ధోబీ పెట్టే గుర్తు. కొక్కెం ఆయనది, చుక్కలు బారక్ నంబరు."

శివ ప్రసాద్ మెల్లగా గోడవైపు తిరిగాడు. అక్కడ ఆరు చొక్కాలు, ఒక ఉన్ని కోటు వేలాడుతున్నాయి. అన్నిటి మీదా కొక్కెం ఉంది. అన్నిటి కిందా ఆయన రాసిన కార్డు ఉంది: 'రాత్రి గస్తీ దళం రహస్య చిహ్నం.'

"చుక్కలు ర్యాంకు అనుకున్నాను," అన్నాడు.

భగవతి వాటి దగ్గరికి నడిచింది. మొదటి చొక్కా కాలరు పట్టుకోగానే వాళ్ళ వరండా గుర్తొచ్చింది. దుకాణంలో దొరికే నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో నాయన గుర్తు పెట్టేవాడు. రసం తగిలి వేళ్ళు పొక్కేవి. ఆమె పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టేది. తప్పితే ఒక బారక్ నిక్కరు ఇంకో బారక్‌కి పోయేది. ఆమె ఇంటినుంచి తెచ్చిన చొక్కా, బదిలీ మీద వెళ్ళిపోయిన ఒక సిపాయి వదిలేసింది. వచ్చి అడుగుతాడేమోనని నాయన చనిపోయేదాకా దాచాడు.

"ఇది మా నాయనదే. జీడిరసం గుడ్డను కాలుస్తుంది, వెనక కూడా కనిపించాలి. ఇదీ ఆయనదే. ఇదీ." ఆరు చొక్కాలూ తిప్పి చూసి, కోటు దగ్గర ఆగింది. "ఇది కాదు. వెనక ఏమీ లేదు. ఎవరో పెన్నుతో గీశారు. అయినా ఉన్ని కోటు ధోబీకి ఎవరు వేస్తారు భయ్యా?"

కోటు శివ ప్రసాద్ సొంతం. చిహ్నం గురించి ఆయన ఊరంతా చెప్పుకున్న తరువాత ఎవరో వెతికి తెచ్చి ఆయనకే అమ్మారు.

ఆయన పెన్ను తీసి పాత కార్డులు కొట్టేశాడు. "ముద్రలు ఎవరైనా వేయొచ్చు. ఈ ఆరూ కాంపువే అనడానికి ఇప్పుడు నాకున్న సాక్ష్యం మీ నాయన గుర్తొక్కటే. పేరు ఏమని రాయను?"

భగవతి కామిని వైపు చూసింది.

"మునిస్వామి," అంది కామిని. "కాంపు ధోబీ. రెండూ పెద్ద అక్షరాలతో రాయండి అంకుల్."

ప్రదర్శన మొదలయ్యే రోజుకి టేపు పట్టీలు ఊడదీసిన చొక్కా ఏడోదిగా వేలాడింది. కోటు ఏమైందని అడిగినవాళ్ళకి శివ ప్రసాద్, ఉతకడానికి వేశానని చెప్పాడు.