అలమరతో పాటు అమ్ముడుపోయిన చేప

ఆ ఉదయం పెర్లా గ్రిన్‌బెర్గ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా పిండీ, సేమ్యా, బిస్కెట్లూ వసారాలోని అలమరలో పెట్టి తాళం వేయాలి. తర్వాత చేప వండాలి. సాయంత్రం వియ్యపురాలి నోరు మూయించాలి.

యూదుల పెసాహ్ పండుగ ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసే పిండి తమదంటూ ఏదీ ఉండకూడదు. పారేయడానికి మనసొప్పనివాళ్లు దాన్ని పరాయి మతస్థుడికి అమ్మేస్తారు. ఈ బిల్డింగులో ముప్పయ్యేళ్లుగా ఆ కొనేవాడు వాచ్‌మన్ ఎలెయుతేరియోనే. మతగురువు రబ్బీ కాగితం రాస్తాడు, పండుగ మొదలయ్యే రోజు ఉదయం పదకొండులోపు తాళంచెవి అతని చేతికి వెళుతుంది, పండుగయ్యాక అన్నీ తిరిగొస్తాయి.

వియ్యపురాలు సరీనా వాళ్లది అరబ్బు ప్రాంతపు అలెప్పో నుంచి వచ్చిన కుటుంబం. చింతపండు పడని వంట వంటే కాదని ఆవిడ నమ్మకం. పెళ్లి విందులోనే "మీవాళ్ల చేప తింటుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుంటుంది వదినగారూ" అనేసింది. పండుగ చేప ఎప్పుడూ అక్క డోరాయే వండేది. పోయిన చలికాలంలో డోరా కన్నుమూసింది. ఇక మిగిలింది పోలండ్ నుంచి ఓడలో వచ్చిన అమ్మ వంటల పుస్తకం, పెర్లా. ఈ ఒక్క పూట చేప చెడితే అమ్మనీ అక్కనీ కూడా పోగొట్టుకున్నట్టేనని పెర్లాకి దిగులుగా ఉంది.

పిండి సర్దుతూ ఆమె కిటికీ దగ్గర ఆగింది. వీధిలో శరత్కాలపు ఆకులు తొందరేమీ లేనట్టు రాలుతున్నాయి. అమ్మ కొంగు పట్టుకుని ఎక్కడికో వెళ్తున్నట్టు అనిపించింది. ఆ తలపుల్లోంచి తేరుకునేసరికి పదకొండున్నర అయింది. పరధ్యానంలోనే తాళం వేసేసింది, తాళంచెవి కింద ఎలెయుతేరియోకి ఇచ్చేసింది, అమ్మ పుస్తకం పిండితో పాటు అలమరలో ఉండిపోయింది.

"తాళం తియ్యి నాయనా, పుస్తకం లోపలుండిపోయింది!" అంది కిందికి దిగి.

"కుదరదమ్మగారూ. పోయినేడు రబ్బీగారు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఇది నాటకం కాదు, నిజంగా నీ సొత్తు, ఎవరడిగినా తెరవకు అన్నారు."

పెర్లా రబ్బీకి ఫోన్ చేసింది.

"పుస్తకమేగా, తీసుకోండి," అన్నాడు రబ్బీ. అంతలోనే అనుమానం వచ్చింది. "పేజీల మీద పిండి గానీ అంటుకుని లేదు కదా?"

"మా అమ్మ పుస్తకం రబ్బీ! పిండి లేకుండా ఎలా ఉంటుంది?"

"అయితే అదీ అమ్ముడుపోయింది. పదకొండు దాటింది, గడువు అయిపోయింది, ఇక నేనేం చేయలేను. కావాలంటే యజమానిని చదివి వినిపించమనండి."

యజమాని అలమర తెరిచాడు. రెండ్రోజులు కడిగిన వంటింట్లో పిండి రాలకూడదని పెర్లా అతన్ని గడప అవతలే నిలబెట్టింది. ఎలెయుతేరియో పుస్తకం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, గొంతు సవరించుకున్నాడు. పెర్లా చేపలో చేతులు పెట్టి, కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

"ముందు... ఉల్లిపాయలు. దోరగా వేగాలి. ఆ తర్వాత ఎర్ర క్యాప్సికం."

"క్యాప్సికమా? మా అమ్మా?"

"రెండు," అన్నాడతను, కాస్త భయంగా.

పెర్లా ఆలోచించింది. "అవును సుమా! తరుగుతూ పాడేది. ఇప్పుడు గుర్తొస్తోంది."

వెల్లుల్లి, టమాటా, నిమ్మరసం ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ప్రతిదానికీ పెర్లాకి అమ్మ ఏదో ఒక మూల కనిపించింది. వంటిల్లంతా ఏదో నది ఒడ్డు వాసన వేసింది.

సాయంత్రం సరీనా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, వెంటనే రెండోది తీసుకుంది.

"వదినా," అంది చివరికి, గారూ లేకుండా, కళ్లు తుడుచుకుంటూ. "మా నాయనమ్మ చేప ఇది. ఎలా చేశావో చెప్పు."

"పుస్తకం నాది కాదు. వాచ్‌మన్‌ది. అతన్నే అడగాలి."

సరీనా నిజంగానే ఎలెయుతేరియోని పైకి పిలిపించింది. ఆకలిగా ఉన్నవాళ్లంతా రండని పండుగ ప్రార్థనలో అంతకుముందే అందరూ పైకి చదివారు కాబట్టి అతనికీ ఓ కుర్చీ పడింది. అతను కూర్చోలేదు.

"క్షమించండమ్మగారూ. ఆ యిడ్డిష్ రాతలో నాకు ఒక్క అక్షరం ముక్క రాదు. మీరలా కళ్లు మూసుకుని నిలబడితే చదవలేనని చెప్పడానికి నోరు రాలేదు. నేను చెప్పింది నది ఒడ్డున మా ఊరు కొరియెంతెస్‌లో మా అమ్మ చేసే చేప."

పెర్లాకి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. లేచి అతని పళ్లెంలో పెద్ద ముక్క వడ్డించింది.

"మీ అమ్మ కూడా పాడేదా నాయనా, తరుగుతూ?"

"పాడేదమ్మా."

ఎనిమిది రోజుల తర్వాత అలమర మళ్లీ పెర్లాదయింది. కళ్లద్దాలు పెట్టుకుని అమ్మ పుస్తకంలో చేప పేజీ వెతికి పట్టుకుంది. అక్కడ అమ్మ చేతిరాతలో ఉన్నది ఒకటే మాట: "మామూలుగానే."