ఆఖరి భాగంలో చిరుతపులి

ఆ ఆదివారం లక్ష్మీరాజం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య శైలజ జగదేవ్‌పూర్‌లో చెల్లెలి గృహప్రవేశానికి తొలి బస్సుకు పోతుంది. తాను తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోతాడు. బస్సు సిద్దిపేట దాటి ఉంటుందని నమ్మకం కుదరగానే తలుపు గడియ పెట్టి, టీవీ ముందు కూర్చుని, ముప్పై అయిదేళ్లుగా చూడాలని తపిస్తున్న ఒక ముఖాన్ని చూస్తాడు. అపార్థం చేసుకోకండి, ఆ ముఖం ఆడమనిషిది కాదు. అసలు మనిషిదే కాదు.

బజారులో జాకెట్టు గుడ్డల మ్యాచింగ్ సెంటర్ నడిపే లక్ష్మీరాజం పుట్టు పిరికివాడు. బల్లికి భయం, ఉరుముకు భయం, అత్తగారి ఫోనుకు భయం. గల్లీ మొత్తం మీద ఇంటికి ఇనుప జాలి తలుపు, దానికి రెండు తాళాలు ఉన్నది అతనికే. అలాంటి మనిషికి చిన్నప్పుడు ఒకే ఒక్క భయం తీపిగా ఉండేది. ఆదివారం పొద్దున టీవీలో 'అంతరిక్ష్ చౌకీ' అనే హిందీ సీరియల్ వచ్చేది. అట్టపెట్టెలకు వెండిరంగు పూసి అంతరిక్ష నౌక అనేవారు, గల్లీ అంతా నమ్మేది. ఆ నౌకలో ఎక్కడో 'భూఖా' అనే భూతం తిరుగుతుంటుంది. అది కంటికి కనబడదు, అరుపు మాత్రం వినబడుతుంది. మొదట గుర్రుమంటుంది, తర్వాత ఖాళీ బిందె బావిలో మునిగినట్టు బుడబుడమంటుంది, చివర ఇనుప తలుపు ఈడ్చినట్టు కీచుమంటుంది. దాని ముఖం ఆఖరి భాగంలోనే చూపిస్తామని వారం వారం ఊరించారు. తీరా ఆ ఆదివారం వచ్చేసరికి, కెప్టెన్ ఆఖరి తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, మేడమీద యాంటెన్నా పట్టుకుని ఒక కోతి ఊగింది. తెర మీద చీమలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటినుంచి లక్ష్మీరాజానికి కోతులంటే పగ. భూఖా ముఖం ఎలా ఉంటుందో అన్న బెంగ మాత్రం పెళ్లయినా పోలేదు, షుగరు వచ్చినా పోలేదు.

మొన్న భివండీలో మరమగ్గాల దగ్గర పనిచేసే మేనల్లుడు నరేశ్, అక్కడి పాత సామాన్ల బజారులో ఆ సీరియల్ డీవీడీల పెట్టె దొరికితే తెచ్చి ఇచ్చాడు. లక్ష్మీరాజం దాన్ని కళ్లకద్దుకున్నాడు. మొదటి డిస్కు పెట్టిన రోజే భూఖా అరుపుకు, చూడవచ్చిన అత్తగారి చేతిలో చాయ గ్లాసు జారి కాలు కాలింది. శైలజ అప్పుడే తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్కపారి గీ అరుపుల మీద నాకు మాటొచ్చిందనుకో, గా సీడీలన్నీ పాత సామాన్లోనికి ఏస్త. ఒక్కటి గూడ ఉంచ."

ఆమె అన్నదంటే చేస్తుంది. అందుకే ఆఖరి భాగాన్ని దాచి దాచి ఈ ఆదివారానికి పెట్టుకున్నాడు.

శైలజ వెళ్లిపోయింది. అతను దానికి ముందు భాగాన్ని ఒకసారి నెమరు వేసుకుందామని పెట్టాడు. సరిగ్గా భూఖా బుడబుడలాడే సమయానికి మేడమీద ధడధడమని చప్పుడైంది. కోతుల గుంపు నీళ్ల ట్యాంకు మూత లేపి, పక్కింటి బాలనర్సయ్య ఆరేసిన వడియాలు బుక్కుతూ, కేబులు వైరు పట్టుకుని ఊగుతోంది. బాలనర్సయ్య హనుమాన్ దీక్షలో ఉన్నాడు కాబట్టి వాటి మీద రాయి ఎత్తడు. వైరు ఊగడం చూడగానే లక్ష్మీరాజానికి పాత గాయం రేగింది. ఇబ్రహీంపూర్‌లో బావమరిది మక్కచేను గుర్తొచ్చింది. అక్కడ మైకు డబ్బాలో కుక్కల అరుపులు పెట్టి కోతుల్ని తోలుతారు. అతను హోం థియేటరు పెద్ద డబ్బాను ఈడ్చుకెళ్లి కిటికీలో బయటికి తిప్పిపెట్టాడు. సౌండు ఎంత పోతే అంత పెంచి, భూఖాను వదిలాడు.

కోతులు వడియాలు కిందపడేసి గోడలు దూకి పారిపోయాయి. జీవితంలో తనను చూసి ఒక ప్రాణి భయపడటం లక్ష్మీరాజానికి అదే మొదలు. ఆ ఆనందంలో ఇంకోసారి వదిలాడు, ఎవరూ లేని గోడ మీదికి మరోసారి వదిలాడు. తర్వాత డబ్బా మీదికి కర్టెన్ జరిపి, సౌండు తగ్గించి, ఆఖరి డిస్కు పెట్టి కాళ్లు బార్లా చాపాడు. కెప్టెన్ ఆఖరి తలుపు దగ్గరికి నడుస్తున్నాడు. అంతలో ఎవరో ఇంటి తలుపు విరగబాదారు. లక్ష్మీరాజం సీరియల్ ఆపి, రిమోటు సోఫాలో పడేసి లేచాడు.

"రాజం, తలుపు తియ్యి, జల్ది తియ్యి. గల్లీల చిరుత దిగింది."

బాలనర్సయ్య గొంతు. గడియ తీశాడో లేదో, దీక్షా వస్త్రాల్లో అతనూ, ఎదురింటి పోచవ్వా, వాళ్ల వెనక ఇంకొందరూ తోసుకుని లోపలికి వచ్చి జాలి తలుపు వేసేశారు. ఇంత గట్టి తలుపు గల్లీలో ఇంకెవరికీ లేదు మరి. చిరుత అన్న మాట వినగానే లక్ష్మీరాజానికి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు తాళాలూ తనే వేశాడు, మంచమెక్కి నిలబడ్డాడు. ఎటువైపు వచ్చింది, ఎంత ఉంది, మేడ ఎక్కగలదా అని అడగసాగాడు.

పోచవ్వ నేల మీద చతికిలబడి గుండె పట్టుకుంది. "నా చెవులార విన్న కొడుకా. మొదలు గుర్రుమన్నది. మల్ల బాయిల బిందె మునిగినట్టు బుడబుడ, బుడబుడ. ఆఖరుకు కీ... చని లాగింది. కోతులన్నీ పరారైనయి. కోతి ఉరికిందంటె అది చిరుత గాక ఇంకేందిరా?"

ముసలమ్మ అరుపును అచ్చు దించేసింది. లక్ష్మీరాజం మంచం మీదనే కొయ్యబారిపోయాడు. చిరుత భయం ఆ క్షణంలో పోయింది, కానీ ఆ జాగాలో అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది. ఇప్పుడే చెప్పేస్తే? నలుగురూ నవ్వి ఊరుకుంటారు, అంతే కదా. చెబుదామని నోరు తెరిచాడు. అప్పటికే బాలనర్సయ్య ఫోను చెవిన పెట్టుకుని అటవీశాఖ వాళ్లతో మాట్లాడుతున్నాడు.

"వినుడు గాదు సార్, కండ్లార చూసిన. గోడ మీదికెల్లి తోక పోయింది. నేను దీక్షల ఉన్న, అబద్ధం ఆడ."

లక్ష్మీరాజం నోరు మూసుకుపోయింది. నిజం చెబితే దీక్షలో ఉన్న మనిషిని అబద్ధాలకోరు చేసినట్టవుతుంది. చెప్పకపోతే ఇది ఎక్కడ ఆగుతుందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నిటినీ మించి, రేపు మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లందరూ గుడ్డ కొలిచేటప్పుడు బుడబుడమంటారు, డిస్కులు పాత సామాన్లవాడి సంచిలో పడతాయి, భూఖా ముఖం చూడకుండానే తాను చచ్చిపోతాడు.

అది ఎక్కడా ఆగలేదు. ఎవరో ఏ అడవిలోదో ఒక చిరుత ఫోటో వాట్సాప్‌లో పెడితే, అది మన గల్లీ గోడేనని మరొకరు గుర్తుపట్టారు. చాయ హోటలు షట్టరు దించారు. వీధి మొదట్లో పోలీసులు తాడు కట్టారు. వలలు, కర్రలతో అటవీశాఖ జీపు వచ్చింది. అందులోంచి దిగిన రాజేంద్రప్రసాద్ అనే అధికారి గల్లీలో భద్రమైన ఇల్లు ఏదని అడిగి, నేరుగా లక్ష్మీరాజం ఇంట్లోకే వచ్చి, సాక్షుల మాటలు రాసుకుని, ఎందుకైనా మంచిదని పైవాళ్లకు ఫోనులో పంపేశాడు. ఇంకో ఇద్దరు తోకతోపాటు మచ్చలు కూడా చూశామన్నారు. వాళ్లు ఎంత వివరంగా చెప్పారంటే, నిజంగానే ఒకటి వచ్చిందేమోనని లక్ష్మీరాజం కూడా కిటికీ వైపు భయంగా చూశాడు. ఎరకోసం ఇస్తారి అనే అతని మేకను పట్టుకొచ్చారు. ఇస్తారి దాన్ని బయట కట్టనియ్యలేదు. మేక ఉన్నచోటే తానూ ఉంటానని దానితో సహా లోపలికి వచ్చి కూర్చున్నాడు. ప్రాణం లేచి వచ్చిన మేక నేరుగా కిటికీ దగ్గరికి పోయి కర్టెన్ వాసన చూడసాగింది. లక్ష్మీరాజం తేలు కుట్టిన దొంగలా వెళ్లి కర్టెన్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడు జాలి తలుపు అవతల శైలజ కనబడింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, చెల్లెలికి ఇద్దామని కొన్న ఇత్తడి దీపపు సెమ్మెను గదలా పట్టుకుని ఉంది. బాలనర్సయ్య భార్య ఫోను చేస్తే సగం దారిలో బస్సు దిగి ఆటోలో వచ్చిందట. తాడు దగ్గర పోలీసులు ఆపితే, తాడు కిందినుంచి దూరి ఒక్కతే గల్లీలో నడిచి వచ్చిందట. తాళాలు తీయగానే అతన్ని పైనుంచి కింది దాకా తడిమి చూసింది.

"పిరికి మనిషివి, ఒక్కనివే ఉన్నవని నా పానం ఆగలే," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

లక్ష్మీరాజానికి ఏడుపొచ్చింది. తనకోసం పులి ఉన్న గల్లీలో నడిచిన మనిషి దగ్గర ఇంకా దాచడం పాపమనిపించింది. చెవిలో చెప్పేద్దామని ఆమెను పక్కకు లాగాడు. "శైలూ, గా చిరుత లేదూ..." అని మొదలుపెట్టాడు. బయట ఏదో కదిలినట్టుంది, ఎవరూ చప్పుడు చేయవద్దని అధికారి వేలు చూపించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో, నడుము లాగుతోందని పోచవ్వ లేచి వెళ్లి సోఫాలో కూర్చుంది, సరిగ్గా రిమోటు మీద.

ఇల్లు గుర్రుమంది. ఆ తర్వాత బుడబుడలాడింది.

ఇస్తారి మేకను కావలించుకున్నాడు. బాలనర్సయ్య శైలజ వెనక దాక్కుని ఆంజనేయ దండకం అందుకున్నాడు. అధికారి ఎప్పుడు ఎక్కాడో గాని మంచం మీద ఉన్నాడు. ఒక్క శైలజ మాత్రం సెమ్మె ఎత్తి నిలబడి, మెల్లగా టీవీ వైపు తల తిప్పింది. మిగతావాళ్ల తలలు ఒకదాని వెనక ఒకటి అటే తిరిగాయి. తెర మీద వెండిరంగు బట్టల్లో కెప్టెన్ ఆఖరి తలుపు మీద చెయ్యి వేశాడు.

పోచవ్వ తన కిందినుంచి రిమోటు తీసి లక్ష్మీరాజం చేతిలో పెట్టింది. ఒక్క మీట నొక్కితే చాలు. ఏదో పాత సినిమా అని, దాని సౌండు అని, అల్లి చెప్పుకోవచ్చు. పరువు దక్కుతుంది, డిస్కులూ దక్కుతాయి. అతని బొటనవేలు మీట మీదికి పోయింది. తలుపు సందు తెరుచుకుంటోంది. ముప్పై అయిదేళ్లు. వేలు దిగలేదు. దిగనియ్యలేదతను. అందరితోపాటు నిలబడి చూశాడు.

తలుపు తెరుచుకుంది. లోపల భూఖా లేదు. కొమ్ముల్లేవు, కోరల్లేవు, ముఖమే లేదు. దుమ్ము పట్టిన గదిలో ఒక మైకు డబ్బా ఉంది. అంతకుముందు ఆ నౌకలో ఉన్నవాళ్లు తమ తిండి గింజల జోలికి ఎవరూ రాకుండా అరుపు రికార్డు చేసి పెట్టి వెళ్లారట. కెప్టెన్ దాని మూతి మీద చెయ్యి వేశాడు. అరుపు ఆగిపోయింది.

అప్పుడే ఇస్తారి కౌగిలి వదిలించుకున్న మేక, తన మానాన తాను పోయి కర్టెన్ అంచు నోట పట్టి ఒక్క గుంజు గుంజింది. కిటికీలో, బయటికి మూతి తిప్పి, హోం థియేటరు డబ్బా కూర్చుని ఉంది. అందరూ టీవీలో డబ్బాను చూశారు. కిటికీలో డబ్బాను చూశారు. ఆ తర్వాత లక్ష్మీరాజాన్ని చూశారు.

"కోతులను ఎల్లగొడదామని..." అన్నాడతను.

అధికారి మంచం దిగి, చొక్కా సర్దుకుని, తప్పుడు కబురుతో గవర్నమెంటును పరిగెత్తించినందుకు కేసు పెట్టాల్సి వస్తుందన్నాడు. ఆ మాటకు అడ్డొచ్చినవాడు బాలనర్సయ్య.

"సౌండు టీవీది కావచ్చు సార్. నేను చూసిన తోక మాత్రం తోకే."

అది కోతి తోక ఎందుకు కాకూడదని పోచవ్వ అడిగింది. కోతి తోకేదో పులి తోకేదో తెలియకుండా తాను హనుమాన్ దీక్ష పట్టానా అని అతను కోప్పడ్డాడు. మచ్చలు చూసిన ఇద్దరూ మచ్చల్ని వదులుకోలేదు. అధికారి ఫోను చూసుకున్నాడు. ముగ్గురు కళ్లారా చూశారని పైకి పోయిన కబురు వెనక్కి రాదు. బాగా ఆలోచించి, చిరుత వచ్చిన మాట వాస్తవమనీ, సిబ్బంది అప్రమత్తత వల్ల ఎవరికీ హాని చేయకుండా వెళ్లిపోయిందనీ రాసి ముగించాడు. పోతూ పోతూ, సీరియల్‌లో ఆ మైకు డబ్బాను నౌకలో ఎవరు పెట్టారో ఏ భాగంలో ఉందని లక్ష్మీరాజాన్ని చాటుగా అడిగాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక శైలజ డిస్కులన్నీ ఏరి పెట్టెలో సర్దింది. లక్ష్మీరాజం తల వంచుకుని, పాత సామాన్లవాడి కేక ఎప్పుడు వినబడుతుందా అని నిలబడ్డాడు.

"గల్లీల పులి ఉన్నదని తెలిసి గూడ నేను నడిసొచ్చిన," అంది ఆమె. "నువ్వు రిమోటు చేతుల పట్టుకొని ముఖం జూడనీకి నిలబడ్డవు. సిగ్గుండాలె."

అతను మేక గుంజిన కర్టెన్‌ను సరిచేశాడు.

"ఇంతజేస్తె ముఖమే లేకపాయె," అంటూ పెట్టెను బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. "గా నౌకల డబ్బా పెట్టిపోయినోడు గూడ నీ అసుంటి పిరికోడే అయ్యుంటడు. వచ్చే ఐతారం మొదటి సీడీ పెట్టు. వాడెవడో నేను గూడ చూస్త."

మర్నాటినుంచి గల్లీలో ఎవరి మేడమీద కోతులు వాలినా భూఖాను వదలమని లక్ష్మీరాజానికి కబురు వచ్చేది, అందరికంటే ముందు బాలనర్సయ్య ఇంటినుంచి. అతనూ గంభీరంగా వెళ్లి వదిలేవాడు. అయితే వారం తిరక్కుండానే కోతులు కదలడం మానేసి, డబ్బా ముందే కూర్చుని పేలు చూసుకోసాగాయి. ఆఖరి భాగం వాటికీ ఎవరో చెప్పేసినట్టున్నారు.