నీడ సెస్

మా నాచారం కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు శ్రీ భూషణం గారు సోమవారం ఉదయం ఒక చారిత్రక ప్రకటన చేశారు. కమ్యూనిటీ హాల్ గోడ నీడను ఇన్నాళ్లూ ఉచితంగా అనుభవిస్తున్నవారు ఇకపై నెలకు మూడు వందలు నీడ సెస్ కట్టాలి. ఆదివారంలోగా కట్టనివారి సామాను తొలగించబడును.

ఆ నీడలో ఉన్న సామాను ఒక్కటే. ఉప్పలమ్మ ఇస్త్రీ బల్ల. పన్నెండేళ్లుగా ఆమె బతుకంతా దాని మీదే.

అధ్యక్షులు మూడేళ్ల కిందటే ఘట్‌కేసర్ అవతల విల్లాకు మారారు. అయినా మా మీద ప్రేమ చావక పదవి వదల్లేదు. వాట్సాప్ గ్రూపులోంచే పాలిస్తున్నారు. అందులో అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు. అడ్మిన్ వారొక్కరే. ఏ ప్రతిపాదన పెట్టినా ఇరవై నాలుగు గంటలు ఆగి, "అభ్యంతరాలేవీ రానందున ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని వారే ప్రకటిస్తారు. గేటు సెస్, గేటు తుప్పు నివారణ సెస్ అలా ఆమోదం పొందినవే. గేటు ఇంకా రాలేదు. ఇంత ఐకమత్యం ఉప్పల్ నుంచి చిల్కానగర్ దాకా ఇంకే కాలనీలోనూ లేదని కార్యదర్శిగా గర్వంగా చెప్పగలను.

మా కాలనీలోనే ఉండే రిటైర్డ్ సైంటిస్టు సుధీంద్ర గారికి మాత్రం ఈ నీడ సెస్ రుచించలేదు. సముద్రం అవతల కూర్చున్న ఇంగ్లండు రాజు పన్నులేస్తే అమెరికాలోని వలస జనం ఎందుకు మండిపడ్డారో నాకు అరగంట పాఠం చెప్పారు.

"వాళ్ల కోపం డబ్బు ఒక్కదాని మీదే కాదండీ. మమ్మల్ని ఒక్క మాట అడగలేదేమని."

ఈ సంగతి ఫోన్లో అధ్యక్షులకు విన్నవించాను.

"ఆ రాజు తాన వాట్సాప్ లేకుండె. మనం ఎప్పటికప్పుడు చెప్తనే ఉన్నం గద" అన్నారు. ఆ పారదర్శకతకు నాకు ఒళ్లు పులకరించింది.

శనివారం ఉప్పలమ్మ మొహం మీదే అడుగుతానని బయల్దేరింది. మూడు వందలంటే ముప్పై బట్టల కూలి. ఆమెతో సుధీంద్ర గారూ, నేనూ ఆటో ఎక్కాం.

విల్లాలో అధ్యక్షులు బనియన్‌తోనే నిలబడి నిప్పులు కక్కుతున్నారు. వారి బాల్కనీలోంచి క్లబ్‌హౌస్ కనిపిస్తుందట. అందుకని ఎక్కడో ముంబైలో ఉన్న బిల్డర్ కంపెనీ నెలకు రెండు వేలు వ్యూ చార్జీ వేసింది. ఆ గ్రూపులోనూ కంపెనీ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు.

"ఒక్క మాట అడగకుంట, యాడనో కూసోని పన్నేస్తరా? మేం మనుషులం కాదా?" అన్నారు. కళ్లలో నీళ్లు. నిజం చెప్పాలంటే నాకూ వచ్చాయి.

"గదే సారూ. నేను గూడ గదే అడగనీకొచ్చిన" అంది ఉప్పలమ్మ.

అధ్యక్షులు చలించిపోయారు. ఇస్త్రీ చేసుకునే మనిషికి కూడా తన బాధ అర్థమైందని మెచ్చుకుని, బిల్డర్‌కు తాను రాసిన వినతిపత్రం మీద ఆమె వేలిముద్ర తీసుకున్నారు. నాలుగింటికి ధర్నా ఉందని చొక్కా కూడా ఇచ్చారు. ఆమె అక్కడే ఇస్త్రీ చేసి పెట్టింది. కూలి సంగతి ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ ట్రాఫిక్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. అన్యాయపు పన్నులపై అధ్యక్షుల పోరాటానికి ఇంటికి రెండు వందలు, నీడలో ఉన్నవారికి అదనంగా వంద. ఆ వెనకే ఏకగ్రీవ ఆమోదం. ఈసారి ఇరవై నాలుగు గంటలు కూడా పట్టలేదు.

ఆదివారం పొద్దున చూస్తే ఉప్పలమ్మ తన బల్లను తానే జరుపుకుని ఎండలో ఇస్త్రీ చేస్తోంది. ఆదేశం అమలైందని అధ్యక్షులకు ఫోన్ చేశాను. వారు ఒకటే అడిగారు.

"ఆ ఎండ మన కాలనీ హద్దులల్లకే వస్తదా?"

నేను టేపు పట్టుకుని బయల్దేరాను.