చంద్రలోహం శాంపిల్ ఎక్కడ?

ఆ సోమవారం కొండలరావు పెట్టుకున్న పని ఒక్కటే: ఎవరి నోటా పడకుండా సాయంత్రం దాకా నెట్టుకురావడం. గాజువాక దగ్గరి ఓ ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో అతను కెమిస్టు. పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్న సీనియర్ కెమిస్టు పోస్టు ఆ వారమే తేలాలి పాపం.

పది కాకుండానే బావమరిది పోలిరాజు ల్యాబ్‌లోకి ఊడిపడ్డాడు. ఓ వారపత్రికకి డిటెక్టివ్ సీరియల్ రాస్తాడాయన.

"బావా, నా విలన్ దగ్గర చంద్రలోహం ఉంది. అరసేతిలో కరిగిపోతాది, నీళ్ల మీద తేల్తాది, ఇనప బీరువాని తినీస్తాది. ఇలాటిది నిజంగా ఉంటాదేటి?"

"కరిగేది గాలియమనే లోహం. మన వైజాగ్ ఎండకి నీ సెయ్యి కూడా అక్కర్లేదు. అది అల్యూమినియాన్ని పిండి సేసీగల్దు గానీ ఇనుముని అలా తిన్లేదు. తేలేది లిథియం. నీళ్లలో ఎయ్యగానే బుసబుసమని రేగిపోతాది. మూడూ ఒక్కదాన్లోనా? నీ బుర్రలో తప్ప ఎక్కడా ఉండదు."

"మర్సిపోతాను గానీ, ఓ కాగితమ్మీద రాసియ్యి బావా."

అక్కడే కొంప మునిగింది. కొండలరావు చేతికి అలవాటైన కాగితం ఒక్కటే, ల్యాబ్ ఫారం. శాంపిల్ పేరు చంద్రలోహమని రాశాడు, లక్షణాలు మూడూ రాశాడు, సంతకం పెట్టాడు. సంతకం ముందు, ఫలితం తర్వాత. అది ఆ ల్యాబ్ ఆచారం. ఫలితం గడిలో 'ఇలాంటిది లేదు' అని రాసేలోగా కొలిమి దగ్గర్నుంచి పిలుపొచ్చింది, పరుగెత్తాడు. పోలిరాజు ఫారాన్ని ఫొటో తీసుకుని తన దారిన పోయాడు.

బల్లమీద కాగితం కనిపిస్తే నంబరు వేసి, స్టాంపు కొట్టి, మూడు సెక్షన్లకి పంపడం క్లర్కు గౌరీశ్వరి పని. చదవడం ఆమె పని కాదు. మూడు సెక్షన్లకీ ఫారం అందింది, శాంపిల్ అందలేదు. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా ఒకటే గోల. ఇనుముని తినే సరుకు ఇనుము ఫ్యాక్టరీలో తప్పిపోయిందట!

మేనేజర్ మోహనకృష్ణ పిలిపించాడు. విజయవాడ వైపు మనిషి, తిట్టినా మర్యాదగానే తిడతాడు.

"శాంపిల్ ఎక్కడండీ?"

"అలాటిది లేదు సార్. మా బావమరిది కథలోది."

"నంబరుంది, స్టాంపుంది, మీ సంతకముంది. లేదంటారేంటండీ? సాయంత్రంలోగా లెక్క తేల్చకపోతే ప్రమోషన్ సంగతి మర్చిపోండి."

నిజం చెబితే నమ్మరేం ఖర్మరా భగవంతుడా అనుకుంటూ కొండలరావు పోలిరాజుకి ఫోన్ చేశాడు.

"నువ్వు, నీ చంద్రలోహం! నా ఉద్యోగం పోయేలాగుంది!"

"ఓస్, ఇంతేనా? గాల్లో కలిసిపోయిందని రాసీ బావా. దారి తెలీనప్పుడు నాను సేసేది అదే."

కొండలరావు ఇంకో ఫారం తీసి, శాంపిల్ ఆవిరైపోయిందని రాసిచ్చాడు. మేనేజర్ అది చదివి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అంటే మనమంతా పీల్చామన్నమాట!"

సగం షిఫ్టు డిస్పెన్సరీకి నడిచింది. ఒకాయనకి కళ్లు తిరిగాయి. గౌరీశ్వరికి నోరంతా ఇనుము రుచి. కాంటీను వంటమనిషికి మోకాలు నొప్పి, అది పదేళ్లనాటిదే అయినా ఇవాళ కారణం దొరికింది. నాలుగింటికి డాక్టరు జాబితాలో ముప్పై ఏడుగురు తేలారు. అందరికీ మూడేసి రోజుల సెలవు.

మోహనకృష్ణ మళ్లీ పిలిచాడు. ఆయన బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ప్రమోషన్ ఆర్డరు, రెండోది పోలీసు ఫిర్యాదు.

"మీకేం కాలేదా?"

"నాకేటవుతాది సార్? నిక్షేపంలా ఉన్నాను."

"శాంపిల్ ముట్టుకున్నది మీరు. మీకొక్కరికే ఏం కాలేదంటే, అది ఆవిరవలేదు. ఎవరికమ్మారండీ?"

కొండలరావు ఆర్డరు వంక చూశాడు, ఫిర్యాదు వంక చూశాడు. పదకొండేళ్ల కెమిస్ట్రీ ఓసారి గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. మెల్లగా రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అమ్మో... పొద్దుట్నుంచీ ఒకటే పోటు సార్. మీరు కంగారుపడతారని సెప్పలేదు."

రసాయనశాస్త్రంలో ఎక్కడా లేని పదార్థానికి అలా ముప్పై ఎనిమిదో రోగి దొరికాడు, సీనియర్ కెమిస్టు హోదాలో.