నూట అరవై అయిదు నంబర్లూ ఒక ఆటస్థలమూ

కాలనీవాసులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఆటస్థలం గురించి ఎవరూ ఆందోళన పడనవసరం లేదు, అది లైనక్స్ బాబాయి కంప్యూటర్లోంచి ముప్ఫై రోజుల్లో బయటికి వస్తుంది. ఈ మేరకు సంక్షేమ సంఘం అధ్యక్షులవారు సంతకం చేసిన కాగితాన్ని నోటీసు బోర్డుకి అంటించారు. చదివినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. పక్కనే ఆటస్థలంలో స్తంభాల కోసం గోతులు తవ్వుతున్న యంత్రం చప్పుడుకి కొందరు రెండోసారి చదవాల్సి వచ్చింది, అంతే.

సంగతి చిన్నది. ఇరవై రెండేళ్ళ కిందట అప్పటి పురపాలక ఛైర్మన్‌గారు ఆ స్థలానికి రిబ్బను కత్తిరించి, "ఈ స్థలం ఎప్పటికీ మీదే" అన్నారు. అన్నారని కాలనీలో అందరికీ గుర్తు. అప్పటికింకా పుట్టనివాళ్ళకి కూడా గుర్తు. ఇప్పుడు ఆయన కుటుంబ ట్రస్టు అక్కడ ఫంక్షన్ హాలు కడుతోంది. కాలనీ పెద్దలు పట్టణ కార్యాలయానికి వెళితే అక్కడి అధికారి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. మాట ఇచ్చారంటే ఆధారం ఉండాలి కదా అన్నాడు. బొమ్మా శబ్దమూ రెండూ ఉన్న డిజిటల్ ఫైలు, మొదటినుంచి చివరిదాకా కోతలు లేకుండా, ముప్ఫై రోజుల్లో తెస్తే పని ఆపిస్తానన్నాడు.

ఆధారం ఉంది. సంఘం బీరువాలో, ఆగిపోయిన గోడగడియారానికీ కాలు విరిగిన క్యారమ్స్ స్టాండుకీ మధ్య ఆనాటి సభని తీసిన వీడియో క్యాసెట్ భద్రంగా ఉంది. దాన్ని ఆడించే వీసీఆర్ అధ్యక్షులవారింట్లో పూలకుండీకి పీటగా పనిచేస్తోంది. లేనిదల్లా ఆ వీసీఆర్ వైరు గుచ్చడానికి ఒక కన్నం. అందరూ గోడకి తగిలించే టీవీలు కొనుక్కున్నారు, వాటికి ఆ పసుపుపచ్చ కన్నం ఉండదు. నూట పన్నెండు ఇళ్ళకి అలాంటి కన్నం ఒక్కటే మిగిలింది. అది లైనక్స్ బాబాయి పాత కంప్యూటర్లో, బయటి బొమ్మని లోపలికి ఎక్కించే టీవీ క్యాప్చర్ కార్డుకి ఉంది.

బాబాయి కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. లైనక్స్ అంటే విండోస్‌కి బదులు కంప్యూటర్‌ని నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆ పేరు ఆయనకి ఊరికే రాలేదు. ప్రింటర్ పనిచేయడం లేదని వస్తే లైనక్స్ వేసుకోమనేవాడు. ఫైలు కనబడడం లేదంటే లైనక్స్ వేసుకోమనేవాడు. వంటింట్లో మిక్సీ ఆగిపోయిందని వచ్చిన పక్కింటాయన కూడా లైనక్స్ సీడీతోనే తిరిగి వెళ్ళాడు. అందరూ భక్తిగా తలూపి, ఇంటికెళ్ళి ఎవరి అలవాటు వాళ్ళు కొనసాగించేవారు. అలాంటిది కాలనీకి కాలనీ తన గుమ్మం ముందు నిలబడేసరికి బాబాయికి కళ్ళు చెమర్చాయి. పదిహేనేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ అది.

ఆయన భార్యని కాలనీ అంతా పిన్ని అంటుంది. ఆవిడకి కిందటేడు మోకాలి ఆపరేషన్ అయింది. మెట్టూ పల్లమూ లేనిచోట రోజూ గంట నడవమని డాక్టర్ చెప్పాడు. అలాంటి చోటు చుట్టుపక్కల ఆ ఆటస్థలం ఒక్కటే. ఉయ్యాల దగ్గర మొదలుపెట్టి పధ్నాలుగు చుట్లు తిరిగేది. యంత్రం దిగినరోజు చుట్టు సగానికి తగ్గింది. గోతులు పెరిగేకొద్దీ పావుకి వచ్చింది. అందుకని ఆ క్యాసెట్ మీద అందరికన్నా ఎక్కువ ఆశ ఆవిడకే ఉండేది.

"ఆ రోజు ఛైర్మన్‌గారు మైకులో ఏదో అడిగారండీ. నేనేదో చెప్పబోయాను, ఈలోగా మీరు..." అంది పిన్ని మొదటిరోజే.

"టేపులో అంతా ఉంటుందిగా, నువ్వు కంగారుపడకు" అని బాబాయి కంప్యూటర్ వైపు తిరిగాడు.

కార్డుతో వచ్చిన చిక్కేమిటంటే, అది తన పేరు తాను చెప్పుకోలేదు. చవగ్గా పడాలని తయారుచేసినవాళ్ళు పేరు చెప్పుకునే ముక్క అందులో పెట్టలేదు. కార్డుకీ కంప్యూటర్‌కీ మాట కలిపే ప్రోగ్రామ్‌ని డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్ కార్డుని ఎగాదిగా చూసి, "గుర్తు తెలియని కార్డు, దయచేసి నంబరు చెప్పండి" అని తెర మీద రాసి ఊరుకుంది. చెప్పదగిన నంబర్లు నూట అరవై అయిదు. డ్రైవర్‌ని దించాలి, ఒక నంబరు చెప్పాలి, మళ్ళీ ఎక్కించాలి, బొమ్మ వస్తుందేమో చూడాలి. బాబాయి దీన్ని లోపమని ఒప్పుకోలేదు. వేరేచోటైతే కంప్యూటర్ మనల్ని అడక్కుండా అంతా తనే చేసేస్తుందనీ, ఇక్కడ నూట అరవై అయిదు రకాలుగా మన ఇష్టమనీ, దీన్నే స్వేచ్ఛ అంటారనీ అధ్యక్షులవారికి వివరించాడు. అధ్యక్షులవారు ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాయించారు.

ఒకటో నంబరుకి తెర నీలంగా మారింది. తొమ్మిదికి ఆకుపచ్చ గీతలు వచ్చాయి. ఇరవై మూడుకి కంప్యూటర్ కొయ్యబారిపోయింది. సాయంత్రం కాగానే నోటీసు బోర్డు మీద ప్రగతి నివేదిక వెలిసేది: నేటికి నలభై ఒక్క నంబర్లు విజయవంతంగా విఫలమయ్యాయి. జనం గోతుల చుట్టూ తిరిగి వచ్చి, నివేదిక చదువుకుని, పని జోరుగా సాగుతోందని తృప్తిపడి వెళ్ళేవారు.

పన్నెండో రోజున, డెబ్బై ఎనిమిదో నంబరుకి ఛైర్మన్‌గారు వచ్చారు. నలుపు తెలుపుల్లో, కిందినుంచి పైకి దొర్లుతూ వచ్చారు. బాబాయి ఇంకో రెండు గంటలు కుస్తీపట్టి ఆయన్ని నిలబెట్టి రంగులు కూడా తెప్పించాడు. మైకు ముందు పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. పాత టేపు, ఎక్కువసార్లు తిప్పితే నలిగిపోతుందని ప్రతిసారీ మొదటి నిమిషమే వేసి ఆపేవాడు.

శబ్దం లేకపోతేనేం, పెదాలున్నాయి కదా అన్నారు అధ్యక్షులవారు. వెంటనే ముగ్గురు సభ్యులతో పెదవుల పరిశీలన ఉపసంఘం ఏర్పడింది. వారు కంప్యూటర్లోకి ఎక్కిన ఆ నిమిషాన్ని పదకొండుసార్లు చూసి, ఛైర్మన్‌గారు "ఎప్పటికీ మీదే" అంటున్నట్టు ఏకగ్రీవంగా తేల్చారు. ముగ్గురిలో ఒకాయనకి కంట్లో శుక్లాలున్నా ఏకగ్రీవానికి అదేమీ అడ్డు రాలేదు. పట్టణ కార్యాలయం అధికారి ఆ నివేదికని రెండు చేతులతో అందుకుని, బాగుందని మెచ్చుకుని, శబ్దం తెమ్మన్నాడు.

బొమ్మ వచ్చిన ఆనందంలో బాబాయి లైనక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాడు. ఆ పని చేయమని ఆయన్ని ఎవరూ అడగలేదు. కొత్త వెర్షన్ వస్తే వేసుకోకుండా ఉండలేకపోవడం ఆయన బలహీనత. కొత్తదాంట్లో ఆ డ్రైవర్‌ని ఇప్పుడెవరూ వాడడం లేదని తీసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. పాత వెర్షన్‌ని వెతికి వెనక్కి తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో స్తంభాలు నడుం ఎత్తు లేచాయి.

ఇక శబ్దం కోసం బాబాయి, ప్రపంచంలోని లైనక్స్ పండితులందరూ కొలువుతీరే ఇంటర్నెట్ ఫోరంలో తన కష్టం రాసుకున్నాడు. పండితులు దయామయులు, గంటలో స్పందించారు. మొదటాయన మాన్యువల్ చదవమన్నాడు. రెండో ఆయన ఈ కాలంలో ఇంకా క్యాసెట్లేమిటని జాలిపడ్డాడు. మూడో ఆయన వేరే రకం లైనక్స్‌కి మారమన్నాడు. దాని మీద నాలుగో ఆయనకి కోపం వచ్చింది. తరవాత రెండు వందల జవాబుల దాకా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. బాబాయి మధ్యలో రెండుసార్లు, శబ్దం సంగతేమిటని వినయంగా అడిగాడు. విషయం పక్కదారి పట్టిస్తున్నందుకు ఆయన్ని హెచ్చరించారు.

అక్కడే, పదకొండేళ్ళ నాటి పాత కాగితాల్లో అన్నట్టు, ఆయనకి తన జంటపక్షి దొరికాడు. అదే కార్డు, అదే డెబ్బై ఎనిమిది, బొమ్మ ఉంది, శబ్దం లేదు. బాబాయి ఊపిరి బిగబట్టి కిందికి చదివాడు. ఆ మనిషి రాసిన ఆఖరి వాక్యం: "సమస్య తీరింది. అందరికీ ధన్యవాదాలు." ఎలా తీరిందో ఒక్క ముక్క లేదు. నోట్లోంచి ఎన్నడూ చెడ్డమాట రాని బాబాయి ఆ అజ్ఞాతవ్యక్తిని అరగంటసేపు తిట్టాడు. ఇలాంటి స్వార్థపరుల వల్లే దేశాలు నాశనమైపోతాయన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం పిన్ని వంటింటి కర్టెన్ ఉతకడానికి తీస్తూ, దాన్ని పక్కకి లాగి కట్టే నల్లటి తాడుని పట్టుకుని వచ్చింది. తాడుకి రెండు చివర్లా మెరిసే పుల్లలున్నాయి.

"ఇది ఆ కార్డు డబ్బాలోదే కదండీ? అప్పట్లో మీరు పారేయబోతే, గట్టిగా ఉందని నేను కర్టెన్‌కి కట్టాను."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కార్డులోంచి శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే వైరు అది. పదిహేనేళ్ళుగా పోపు ఘాటు పీలుస్తూ కిటికీ దగ్గర వేలాడుతోంది. బాబాయి దాన్ని తుడిచి, ఒక పుల్ల కార్డుకీ ఒక పుల్ల కంప్యూటర్‌కీ గుచ్చి, టేపు మొదటినుంచి పెట్టి ఫైలుగా ఎక్కించసాగాడు. శబ్దం వచ్చింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"సోదర సోదరీమణులారా" అన్నారు ఛైర్మన్‌గారు, నిండు రంగుల్లో, నిండు గొంతుతో. "ఈ స్థలం లేఅవుట్‌లో పార్కని రాసి ఉంది. అంటే మీదే. కానీ చూసుకునే ఓపిక మీకెక్కడిది? మీ శ్రమ తగ్గించాలని దీన్ని మా ట్రస్టు పేర రాయించుకుంటున్నాను. ఇరవై ఏళ్ళు పిల్లలు హాయిగా ఆడుకోండి. ఆ తరవాత ట్రస్టు ఇష్టం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చేతులెత్తండి."

కెమెరా జనం వైపు తిరిగింది. ముందు వరసలో నల్లటి జుట్టుతో బాబాయి ఉన్నాడు. పక్కన పిన్ని కుడిచెయ్యి చెవిదాకా లేచి ఉంది, నోరు తెరిచి ఉంది. బాబాయి ఆవిడ వైపు చూడను కూడా చూడకుండా ఆ మణికట్టు పట్టుకుని, కిందికి దించి, ఒళ్ళో పెట్టాడు. అలా ఖాళీ అయిన తన రెండు చేతులతో చప్పట్లు మొదలుపెట్టాడు. ఆయన తరవాతే వెనక వరసలు అందుకున్నాయి. ఆ హోరులో ఛైర్మన్‌గారు గద్గదస్వరంతో, "నా గుండె ఎప్పటికీ మీదే" అన్నారు.

టేపు అయిపోయి తెర నీలంగా మారింది.

"ఇప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ తరవాత మేమెక్కడికి పోవాలి అని అడగబోయాను" అంది పిన్ని. మళ్ళీ తనే, "పార్కని ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు కదండీ. ఇదిస్తే చాలదూ?" అంది.

చాలుతుంది. లేఅవుట్‌లో పార్కని ఉన్నదాన్ని ఎవరూ సొంత పేర రాయించుకోకూడదు. ఆ సంగతి బాబాయికీ తెలుసు. కానీ కోతలు లేకుండా ఇవ్వాలి. ఇస్తే ఆ ముందు వరసని నూట పన్నెండు ఇళ్ళూ చూస్తాయి. బాబాయికి సిగ్గేసింది. నిజానికి భయం కూడా వేసింది.

మర్నాడు సాయంత్రం సర్వసభ్య సమావేశం జరిగింది. ఫైలు ఉన్న పెన్ డ్రైవ్ బాబాయి చొక్కా జేబులో ఉంది. అధ్యక్షులవారు ఫలితం చెప్పమని కోరారు. బాబాయి లేచి నిలబడి, "బొమ్మ వచ్చింది. సౌండ్ మాత్రం రాలేదండీ. డ్రైవర్‌లోనే లోపం ఉంది" అన్నాడు. లైనక్స్ గురించి ఆయన జీవితంలో అన్న మొదటి చెడ్డమాట అది. అది కూడా అబద్ధమే.

అధ్యక్షులవారు చలించిపోయారు. "శాస్త్ర సాంకేతిక రంగం మనకి ద్రోహం చేసింది. అయినా మన బాబాయిగారి నిస్వార్థ సేవ చరిత్రలో నిలిచిపోతుంది" అన్నారు. సదరు డ్రైవర్‌ని తీవ్రంగా ఖండిస్తూ ఒక తీర్మానమూ, కట్టబోయే ఫంక్షన్ హాలులో కాలనీవాసుల శుభకార్యాలకి ముందు వరస పార్కింగ్ ఇప్పించమని ట్రస్టుని వేడుకుంటూ ఇంకో తీర్మానమూ చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళని చేతులెత్తమన్నారు.

పిన్ని కుడిచెయ్యి చెవిదాకా లేచింది. బాబాయి ఆవిడ వైపు చూడలేదు. ఈసారి అంతా తెలిసే చూడలేదు. ఆ మణికట్టు ఎక్కడుంటుందో ఆయన చేతికి బాగా తెలుసు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇంటికొచ్చాక ఆయన నల్లవైరుని తిరిగి వంటింటి కర్టెన్‌కి కట్టాడు. పిన్ని హాలులోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాలులోకీ గోడ పట్టుకుని నడుస్తూ చుట్లు లెక్కపెట్టుకుంటోంది. బాబాయి ఫోరం తెరిచాడు. తన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. కింద రాశాడు: "సమస్య తీరింది. అందరికీ ధన్యవాదాలు."

అయిదు నిమిషాల్లో ముప్ఫై నాలుగు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎలా తీరిందని ఒక్కరూ అడగలేదు.