నల్ల అంచు పరిచయం

ఆ బుధవారం పొద్దున్న చంద్రమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. పదింటికల్లా తవిటమ్మ గారి పెద్దకర్మ కార్డులు రెండు వందలు అచ్చు తీయాలి. పన్నెండింటికి ఆవిడ కొడుకు గోవిందరావు వస్తే కట్ట చేతిలో పెట్టాలి. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. పైగా మూడు రోజులుగా ముసురు, ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు.

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డు మలుపులో ఉంది అతని అచ్చు కొట్టు. ఒకప్పుడు పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బిల్లు పుస్తకాలు అన్నీ అక్కడే అచ్చయ్యేవి. ఇప్పుడు పెళ్లి పిలుపులు ఫోన్లలో తిరుగుతున్నాయి. చావుకి మాత్రం అచ్చు కార్డే ఉండాలని జనం ఇంకా పట్టుబడుతున్నారు కాబట్టి కొట్టు బతికి ఉంది. ఎదురుగా రాంబాబు ఫ్లెక్సీల మిషను పెట్టాక ఆ చావు బేరం కూడా సగం రోడ్డు దాటిపోయింది. చంద్రమౌళి భార్య పార్వతీదేవి విసిగిపోయి, ఆ పొద్దున్న ఉప్మా ప్లేటు ముందు పెడుతూ తేల్చి చెప్పేసింది.

"ఈ గోవిందరావు బేరం కూడా పోతే మరింక సాలండీ. ఇజీనారంలో మా తమ్ముడి బియ్యం కొట్లో గుమస్తా కావాలంటన్నాడు. దీనికి తాళం ఏసీసి ఎల్లిపోదుం."

చంద్రమౌళి ఉప్మా ముట్టుకోలేదు. ప్లేటు అలాగే వదిలేసి గొడుగు తీసుకుని వచ్చేశాడు.

అసలు చిక్కు గోవిందరావుతో కాదు, ప్రింటరుతో. పాత కంప్యూటరు మొరాయిస్తోందని, విజయనగరంలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు సింధూరి ఆదివారం వచ్చి, లోపలున్నదంతా తీసేసి లినక్స్ అనేదాన్ని ఎక్కించి వెళ్లింది. "ఇది ఊరికే వస్తాది నాన్నా. ముసలి కంప్యూటర్ని కూడా పరిగెట్టిస్తాది" అంది. పరిగెట్టిస్తోంది, అబద్ధం చెప్పకూడదు. కానీ కంప్యూటరూ ప్రింటరూ మాత్రం ఆస్తి పంపకాల్లో తగువుపడ్డ అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉండి మాట్లాడుకోవడం మానేశాయి. సింధూరికి ఫోన్ చేద్దామంటే ఆ పిల్లకి పరీక్షలు. సాయంత్రం దాకా ఫోను ఉండదు.

వెళ్లేముందు సింధూరి ఒక మంచి పని చేసింది. తండ్రిని ఫోన్లో 'ఉత్తరాంధ్ర లినక్స్ మిత్రులు' అనే గ్రూపులో చేర్చింది. అందులో నాలుగు వందల మంది ఉన్నారు, ఏ సందేహం అడిగినా నిమిషంలో చెబుతారు. చంద్రమౌళి ఎనిమిదీ ఇరవైకి అడిగాడు. నిమిషం కూడా పట్టలేదు.

"కొత్త సభ్యులు ముందు తమ పరిచయం రాయాలి. పరిచయం లేని ప్రశ్నకు జవాబు లేదు. నియమం 1 చూడండి" అని రాశాడు గ్రూపు పెద్ద దేవేంద్ర. ఆయన శ్రీకాకుళంలో రిటైరైన లెక్కల మాస్టారు. బడి వదిలిపెట్టాడు గానీ బడి ఆయన్ని వదల్లేదు.

"చంద్రమౌళి, కోటబొమ్మాళి. ప్రింటరు పనిచేయడం లేదు. చాలా అర్జెంటు సార్" అని రాశాడు చంద్రమౌళి.

"ఇది పరిచయం కాదు. ఎవరు, ఎక్కడివారు, ఏం చేస్తారు, ఎన్నేళ్ల అనుభవం, అన్నీ వివరంగా ఉండాలి. ఫోటో ఉంటే మరీ మంచిది. నేను స్వాగతం చెప్పాకే ప్రశ్న."

చంద్రమౌళి చతికిలబడ్డాడు. యాభై ఆరేళ్లలో నువ్వెవరని అతన్ని కోటబొమ్మాళిలో ఎవరూ అడగలేదు. మిగతా కొత్తవాళ్లు ఏం రాశారో చూశాడు. ఒకడు ఆరో తరగతి నుంచే కంప్యూటరు విప్పి బిగిస్తున్నాడట. ఇంకొకడికి తొమ్మిది భాషలు వచ్చట, అందులో మనుషులు మాట్లాడేది ఒక్కటీ లేదు. వాళ్ల ముందు తన గురించి ఏం రాయాలో తోచక గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు.

చూస్తూండగా ఒక సంగతి వెలిగింది. మనుషుల గురించి రాయడమే కదా తన వృత్తి! ఈ చుట్టుపక్కల కొన్ని వేల మందిని పరిచయం చేసిన చెయ్యి అది. కాకపోతే చదువుకోవడానికి వాళ్లెవరూ లేరు, అంతే.

లినక్స్ ఎక్కాక కంప్యూటర్లో తెలుగు అక్షరాలు చెదరకుండా తెరుచుకుంటున్న ఫైలు ఒక్కటే, తవిటమ్మ గారి కార్డు. దానికి కాపీ తీసి పని మొదలుపెట్టాడు. 'స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తున్నాము' అన్న ముక్క తీసేశాడు. పోయిన తేదీ తీసేసి, పేరూ వయసూ తనవి వేశాడు. తవిటమ్మ గారి ఫోటో తీసి, కోడిగుడ్డు ఆకారపు చట్రంలో తన ఆధార్ ఫోటో పెట్టాడు. 'సౌమ్యులు, నిగర్వి, బంధుప్రియులు, నలుగురికీ తలలో నాలుక వంటివారు' అన్న వరుస కూడా తీసేద్దామనుకున్నాడు గానీ చెయ్యి రాలేదు. తన గురించి అలాంటి మాట ఎవరూ అనగా వినలేదు. ఉంటే తప్పేమిటని ఉంచేశాడు. తన గొప్ప తానే చెప్పుకున్నట్టు ఉండకూడదని అడుగున 'ఇట్లు: భార్య పార్వతీదేవి, కుమార్తె సింధూరి' అని చేర్చాడు. అది మర్యాద. ఇక చుట్టూ ఉన్న నల్ల అంచు, రెండు వైపులా వెలుగుతున్న దీపాలు ముప్పై ఏళ్లుగా చూసి చూసి అతని కంటికి ఆనడం ఎప్పుడో మానేశాయి.

తొమ్మిదీ ముప్పై అయిదుకి కార్డు గ్రూపులో పెట్టాడు. క్షణంలో చేతులు జోడించిన బొమ్మలు ఏడు వచ్చాయి. ఎంత సంస్కారవంతులో అని కళ్లు చెమర్చాయి. ఛార్జింగు రెండు శాతం ఉందని ఫోను ఆపేసి, తీగకి తగిలించి, మాస్టారి స్వాగతం వచ్చేలోగా తీగలన్నీ చూద్దామని బల్ల కిందికి దూరాడు.

శ్రీకాకుళంలో దేవేంద్ర మాస్టారు ఆ కార్డు చూసి కుర్చీలో కూలబడ్డాడు. పాపం, ఆ మనిషి చాలా అర్జెంటన్నాడు. తాను నియమం 1 చూడమన్నాడు. గంటన్నర తిరక్కుండా ఇంటివాళ్లు కార్డు పెట్టారు. నలభై ఏళ్లు పిల్లల్ని గోడకుర్చీ వేయించాడు గానీ మనిషి ప్రాణం తీసింది ఇదే మొదటిసారి. చొక్కా మార్చుకుని, దారిలో ఒక దండ కొనుక్కుని కోటబొమ్మాళి బస్సెక్కాడు.

ఈలోగా గ్రూపులోని వినోద్ అనే కుర్రాడు ఆ కార్డుని తన మేనమామకి పంపాడు. ఆ మేనమామ కోటబొమ్మాళి బజారు ఆ చివర బట్టల వర్తకుడు నారాయణమూర్తి. భార్యా కూతురూ పేర్లు పెట్టి మరీ కార్డు వేశాక అనుమానించేవాడెవడు? బజారులో ఒక వర్తకుడు పోతే ఆ పూట అందరూ షట్టర్లు దించడం అక్కడి ఆనవాయితీ. నారాయణమూర్తి దించాడు, అతన్ని చూసి పక్కవాడు, వాణ్ని చూసి ఆ పక్కవాడు. కబురు కొట్టు కొట్టూ దాటి స్టేషన్ రోడ్డు మలుపుకి వచ్చేసరికి పోయినవాడి పేరు దారిలో ఎక్కడో జారిపోయింది.

"సంద్రమౌళీ, మూసీ! మనోళ్లలో ఎవులో పోనారంట" అని పక్క కిరాణావాడు అరిచాడు.

చంద్రమౌళి బల్ల కింద నుంచి బయటికొచ్చి గడియారం చూశాడు. పదీ నలభై. బేరం చూస్తే కొట్టు తెరిచి ఉండాలి. కానీ నలుగురితో పాటు మూయకపోతే, రేపు తనకేదైనా అయితే ఎవడు మూస్తాడు? గోవిందరావు వచ్చేలోగా తిరిగి వచ్చేయొచ్చనుకుని, తన చావుకి తన షట్టరు తానే దించి, మంచి చామంతి దండ ఒకటి కొని, గొడుగుల గుంపు వెనకాల నడిచాడు.

వాన కొంచెం పెరిగింది. ముందు నడుస్తున్న ఇద్దరు వెనక్కి తిరక్కుండా మాట్లాడుకుంటున్నారు.

"మంచోడేరా. ఒకర్ని ఒక్క మాటనీవోడు కాదు."

"మంచోడే గానీ ఏపారం సేతకానేదు. ఆ కొట్టు ఎప్పుడో మూసీవలసింది. పెళ్లాం సెప్తే ఇన్నాడు కాదంట."

చంద్రమౌళికి ఆ పోయినవాడి మీద జాలి ముంచుకొచ్చింది. "వయసెంతండీ?" అని వెనక నుంచి అడిగాడు.

"ఏబయ్యారంట."

"అయ్యో, నా ఈడోడే" అని నిట్టూర్చాడు.

గుంపు అతని వీధిలోకి తిరిగింది. అతని ఇంటి ముందే ఆగింది. ఆ ఇంట్లో మగమనిషి తానొక్కడే. నిజంగానే ఒక్క క్షణం చంద్రమౌళికి తన మీద తనకే నమ్మకం పోయింది.

వాకిట్లోకి తడిచేతులతో వచ్చిన పార్వతీదేవితో నారాయణమూర్తి కళ్లు తుడుచుకుంటూ, "ధైర్యంగుండమ్మా. సంద్రమౌళి ఇలా అన్నేయం సేసి ఎల్లిపోతాడనుకోనేదు" అన్నాడు.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక స్తంభం పట్టుకుని కిందికి జారిపోయింది.

"ఉప్మా కూడా తిన్నారు కాదండీ! పొద్దున్నే కొట్టు మూసీమని నానే అన్నాను. నా నోరు పడిపోను! బియ్యం కొట్టూ వద్దు, ఏటీ వద్దు, మా ఆయన్ని నాకిచ్చీండి!"

ముప్పై రెండేళ్ల కాపురంలో తన కోసం ఆవిడ అలా ఏడవగలదని చంద్రమౌళికి తెలియదు. గొడుగు పారేసి, గుంపుని తోసుకుంటూ, దండతో సహా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"పార్వతీ, నానిక్కడే ఉన్నాను!"

ముగ్గురు దడుసుకుని అరుగు దిగిపోయారు. పార్వతీదేవి లేచి, మొగుణ్ని తలనుంచి కాళ్ల దాకా తడిమి, బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, రెండు చేతులతో అతని గుండెల మీద బాదింది. ఆ తర్వాత నారాయణమూర్తి ఫోన్లో కార్డు చూపించాడు.

"ఇది పరిచయమండీ" అన్నాడు చంద్రమౌళి నీరసంగా.

"పరిచయమైతే నల్లంచు ఏటి?" అన్నాడు నారాయణమూర్తి.

"అంచు నేకుండా కార్డు ఉంటాదేటి?"

అక్కడ సంతోషించినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది పార్వతీదేవి ఒక్కతే. మిగతావాళ్లు పూట బేరం పోయిందని గొణుక్కున్నారు. ఇందాక దారిలో మంచివాడన్న వాళ్లే ఇప్పుడు బుద్ధిలేనివాడన్నారు. పార్వతీదేవి సింధూరి హాస్టలుకి ఫోన్ చేసి, "గ్రూపులో ఏటి సూసినా ఏడవొద్దని సెప్పండి, ఆళ్ల నాన్న దుంగలా ఉన్నాడు" అని కబురు పెట్టింది. పన్నెండు దాటాక గోవిందరావు కూడా దండతో వచ్చాడు. పంట చేలూ, రైసు మిల్లూ ఉన్న పెద్ద రైతు. బతికున్న చంద్రమౌళిని చూసి దండ వెనక్కి దాచుకున్నాడు.

"సావుకారూ, నువ్వు పోనావన్నారు. కొట్టు సూస్తే మూసున్నాది. ఎల్లుండే పెద్దకర్మ, నానేటి సెయ్యను? రాంబాబు సగం షట్టరేసుకుని లోపల కొట్టీసినాడు. కార్డులు పంచీడానికి కూడా ఎల్లిపోనాయి."

చంద్రమౌళి తాను తెచ్చిన దండ అరుగు మీద పెట్టేశాడు.

ఒంటిగంటకి తడిసి ముద్దయి దేవేంద్ర మాస్టారు దిగాడు. చంద్రమౌళి గారి ఇల్లెక్కడని చంద్రమౌళినే అడిగి, జవాబు విని, అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత కొట్టుకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎక్కడో ఒక చోట టిక్కు పెట్టాడు. ప్రింటరు గుర్రుమని ఒక కాగితం కక్కింది.

"అంతేనండి. రెండు నిమిషాల పని. పొద్దున్నే చెప్పి ఉండవలసింది" అన్నాడు తల దించుకుని. తెచ్చిన దండ ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ మీద పెట్టి బస్సుకి వెళ్లిపోయాడు.

ప్రింటరు బాగుంది. అచ్చు వేయడానికే ఏమీ లేదు. చంద్రమౌళి వేడివేడిగా ఉన్న ఆ కాగితాన్ని చేత్తో నిమిరి, తాళం చెవి తీశాడు. కొట్టు దాకా వెంట వచ్చిన పార్వతీదేవి గుమ్మంలో నిలబడింది.

"పొద్దున్న నువ్వన్నదే నిజం. మీ తమ్ముడికి సెప్పీ, ఎల్లిపోదుం" అన్నాడు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది గానీ ఊఁ అనలేదు.

అప్పుడు సగం ఎత్తి ఉన్న షట్టరు కింద నుంచి వంగి గోవిందరావు లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"సావుకారూ, ఎవులూ నేరు కదా? నాకొక కార్డు రాసియ్యాల."

"అమ్మగారివి కొట్టించీసినారు కదా బాబూ?"

"అమ్మది కాదు. నాది." గొంతు తగ్గించాడు. "నీ దాన్లో రాసుకున్నావు సూడు, సౌమ్యులూ అదీ ఇదీ అని. అలాగ. నాను పోయాక మావోళ్లు ఏటి రాస్తారో నాకు నమ్మకం నేదు. ఉండగానే ఒక వంద కొట్టించీసి, అందరికీ పంచీసి, కళ్లారా సూసుకుంటాను. దీపాలు తీసీకు, బాగున్నాయి."

పార్వతీదేవి మొగుడి చేతిలోంచి తాళం చెవి మెల్లగా తీసుకుంది. గోవిందరావు వెళ్లీ వెళ్లకముందే షట్టరు కింద నారాయణమూర్తి తల కనిపించింది. అతని వెనక గొడుగు చాటున ఇంకెవరో నిలబడి ఉన్నారు. మర్నాడు రాంబాబే రోడ్డు దాటి వచ్చాడు, అతని మిషనుకి రంగులు వచ్చు గానీ మాటలు రావు.

వారం తిరిగేసరికి కోటబొమ్మాళి బజారులో చెడ్డవాడనేవాడు ఒక్కడూ మిగల్లేదు.