మంజూరు కాని వేడి

ఆ జిల్లాలో ఎండ ఎంత ఉండాలో ఉష్ణోగ్రతల ఆఫీసు మంజూరు చేస్తుంది. అంతకు మించి వేడెక్కిందని చెప్పే అధికారం మనుషులకు గానీ, కార్లలోని సెన్సర్లకు గానీ లేదు. ఈ వేసవికి ముప్పై ఎనిమిది డిగ్రీలు వచ్చాయి. నలభై దాటితే పనులు ఆపించాలి, పందిళ్ళు వేయించాలి, పోయినవాళ్ళ ఇళ్ళకు పరిహారం పంచాలి. వాటికి బడ్జెట్ లేదు కాబట్టి నలభై రాలేదు.

షేర్ కారు నడుపుకునే రాజేశానికి ఇదేమీ కొత్త కాదు. అతని భార్య సరోజన ఇటుక బట్టీలో పనిచేస్తుంది. ఆ మధ్యాహ్నం ఇటుకలు మోస్తూ మోస్తూ కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట మాత్రం లేదు. రాజేశం ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, తడి తువ్వాలు కప్పి, జిల్లా ఆసుపత్రికి బయలుదేరాడు. సగం దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఇంజను వేడి చూపే మీటరు ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది.

మెకానిక్ అన్వర్ షెడ్డు అక్కడికి దగ్గరే. అన్వర్ ఆవిరి తగ్గేదాకా ఆగి, రేడియేటర్లో తగ్గిన నీళ్ళు పోశాడు. ఫ్యూజు తీసి వెలుగుకు పెట్టి చూశాడు, బాగానే ఉంది. రిలే మార్చాడు, ఇంజనును చల్లబరిచే ఫ్యాను కదల్లేదు. చివరికి బ్యాటరీ నుంచి నేరుగా వైరు తగిలించాడు. ఫ్యాను రయ్యిమని తిరిగింది.

“ఫ్యాను మంచిగున్నది, వైరింగు మంచిగున్నది,” అన్నాడు. “వేడైందని సెన్సర్ చెప్పాలె. చెప్తలేదు.”

“కొత్తది ఎయ్యి.”

“ఏది ఏసినా గంతే అన్నా. ఎండనే లేనప్పుడు అదేం చెప్తది?”

అయినా మనసొప్పక, సెన్సర్ విప్పి పక్క హోటల్లో మరుగుతున్న నీళ్ళలో ముంచి చూశాడు. దానికి ఏ వేడీ తెలియలేదు.

“గా వైరు గట్లనే ఉంచు,” అన్నాడు రాజేశం.

అన్వర్ వెనక సీటు వైపు చూసి తల దించుకున్నాడు. “పక్క షెడ్డాయన గట్ల పెట్టే జైలుకు పోయిండు. నేను పెట్టను. నువ్వు పెట్టుకుంటే నేను చూడలే.”

సెన్సర్ తిరిగి బిగించి, వైరు అక్కడే వదిలేసి అతను లోపలికి వెళ్ళాడు. రాజేశం తగిలించుకున్నాడు. కారు కదిలాక సరోజన ఒకసారి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. కారు ఆపి తాగించబోతే చెంప మీదుగా కారిపోయాయి.

చెక్‌పోస్టు దగ్గర ఉష్ణోగ్రతల ఆఫీసు ఇన్‌స్పెక్టర్ ఫ్యాను చప్పుడు విని చెయ్యెత్తాడు. నెత్తిన తడి రుమాలు, చేతిలో గొడుగు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

“ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?”

“ఇంజను కాలుతున్నది సార్.”

“సెన్సర్ చెప్పిందా?”

“లేదు సార్. వెనక నా భార్య...”

“సెన్సర్ చెప్పకుండా తిప్పకూడదు,” అని ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే వైరు తెంపాడు. “చల్లారాక వెళ్ళండి.”

చల్లారడానికి చాలాసేపు పట్టింది. రాజేశం తువ్వాలుతో రేడియేటర్‌కు విసిరాడు. తర్వాత సరోజనకు విసిరాడు. మళ్ళీ రేడియేటర్ దగ్గరికి పరుగెత్తాడు. ఎవరికి ముందు విసరాలో అతనికి పాలుపోలేదు.

ఆసుపత్రిలో డాక్టర్ థర్మామీటర్ పెట్టి చూశాడు. “తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. జ్వరమేమీ లేదు.”

“సల్లబడ్డది సారు,” అన్నాడు రాజేశం, ఆమె చెయ్యి వదలకుండా.

“మంచిదే కదా,” అన్న డాక్టర్, నాడి పట్టుకుని చూసి మరణ ధ్రువపత్రం తీశాడు. వడదెబ్బ అని రాయాలంటే ముందు ఎండ ఉండాలి. అందుకని కారణం దగ్గర ‘వృద్ధాప్యం’ అని రాశాడు. సరోజనకు ముప్పై నాలుగేళ్ళు. రాజేశం సంతకం పెట్టాడు.

దినాలయ్యాక మళ్ళీ కారు తీశాడు. ఆ ఉదయమే ఆఫీసు ఎండను సవరించి ముప్పై ఆరు చేసింది. స్టీరింగ్ చేతులు కాలుస్తుంటే రాజేశం దానికి గుడ్డ చుట్టాడు. వెనక ఎక్కిన ముసలావిడ మొహమంతా కందిపోయి ఉంది.

“ఇయ్యాల జర సల్లగున్నది, బిడ్డా,” అందామె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ. “అద్దాలు ఎక్కియ్యరాదు?”

“అవునవ్వా, నిన్నటి మీద సల్లగనే ఉన్నది,” అన్నాడు రాజేశం. అద్దాలన్నీ ఎక్కించాడు.